ఇరవయ్యొక్క మైళ్ళ నీళ్ళు

ఐరోపా పటం ఎప్పుడైనా గోడకు తగిలించి తీరిగ్గా చూశారా? ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమనున్న సముద్రం ఒకచోట మరీ సన్నబడిపోయి, చిన్నపిల్లవాడు చూపుడువేలితో మూసెయ్యగలిగినంత ఉంటుంది. దాన్ని డోవర్ జలసంధి అంటారు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు ఇరవయ్యొక్క మైళ్ళు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కలే పట్నం పక్కన నిలబడితే అవతలి గట్టున సుద్ద కొండలు తెల్లగా కనిపిస్తాయి. కంటికి కనిపించేది చేతికి అందుతుందనుకోవడం మానవ స్వభావం. 1940 వేసవిలో, ఫ్రాన్సును ఆరు వారాల్లో మట్టి కరిపించిన జర్మను సేనానులు ఆ ఒడ్డున నిలబడి దుర్భిణులు పెట్టుకుని చూసినప్పుడు వాళ్ళకీ అల్లాగే అనిపించి ఉండాలి.

ఆనాటినుంచీ "హిట్లరు ఇంకొక్క అడుగు వేసి ఉంటేనా!" అనే మాట లోకంలో చలామణీ అవుతోంది. మా కాలేజీ స్టాఫు రూములో ఏడాదికి ఒకసారైనా ఈ చర్చ రాకుండా ఉండదు. మొన్నామధ్య కామర్సు చెప్పే మాస్టారు టీ కప్పు బల్లమీద పెట్టి, "ఇరవయ్యొక్క మైళ్ళే కదండీ మేడమ్! ధైర్యం చేసి ఉంటే చరిత్రే మారిపోయేది," అన్నారు. ధైర్యానికేం లోటు లేదు మాస్టారూ, పడవలకే లోటు అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. తెలుగు మేడం సరదాకి అంటోందనుకున్నారు కాబోలు. సరదాకి అన్న మాట కాదది.

నేను పద్యాలూ వ్యాకరణమూ చెప్పుకునేదాన్ని. యుద్ధ విద్యలో నాకు ప్రవేశం లేదు. అయితే నేను పుట్టి పెరిగింది నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున. మా తాతయ్య రేవు పాట పాడుకుని పంటు నడిపించినవాడు. పంటు అంటే తెలియని పట్నవాసుల కోసం చెబుతున్నాను, బల్లపరుపుగా ఉండి, బళ్ళూ గొడ్లూ మనుషులూ మూటాముల్లే అన్నీ కలిపి ఎక్కించుకుని ఏరు దాటించే రేవు పడవ అది. అంచేత నీళ్ళమీద మనుషుల్ని దాటించడమంటే ఏమిటో నాకు పుస్తకాలకంటే ముందు మా ఇంటి అరుగే నేర్పింది.

మా తాతయ్యకు 1940లో పాతికేళ్ళు దాటాయి. ఆ రోజుల్లో మనవాళ్ళు చాలామంది హిట్లరు ఇంగ్లండు మీద పడతాడని ఆశగా ఎదురు చూశారట. ఊళ్ళో రేడియో ఉన్న ఒక్క ఇంటి వాకిట్లో సాయంత్రమయ్యేసరికి జనం మూగేవారట. మనల్ని ఏలుతున్న దొరగారి ఇల్లు తగలబడుతోందంటే మనకెందుకు విచారం? శత్రువుకు శత్రువు మిత్రుడు. అక్కడ దొర ఓడితే ఇక్కడ మన సంకెళ్ళు ఊడతాయని వాళ్ళ లెక్క. నేను వాళ్ళని తప్పు పట్టలేను. పరాయి పాలన కింద పుట్టనివాళ్ళకు ఆ కసి అర్థం కావడం కష్టం. ముసలితనంలో కూడా తాతయ్య, "వాడు మరో పదిహేను రోజులు ఓపిక పట్టి ఉంటే దాటేసేవాడే," అంటూండేవాడు.

అదే తాతయ్య తన పంటు విషయం వచ్చేసరికి మరో మనిషి. ఈదురు గాలి లేచిందంటే రేవులో ఎంత పెద్ద ఆఫీసరు నిలబడ్డా పంటు కదలనిచ్చేవాడు కాదు. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎంత ఎత్తు లేస్తుందో, ఆటు ఎన్ని గంటలకు మొదలవుతుందో వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పేవాడు. ఒకసారి నేను, "తాతయ్యా, మన పంటు అంతర్వేది దాటి సముద్రంలోకి వెళ్తుందా?" అని అడిగాను. "వెళ్తుందమ్మడూ! తిరిగి రాదు, అంతే," అన్నాడు.

ఇహ జర్మనుల సంగతి చూద్దాం. 1940 జూలై 16న హిట్లరు ఒక ఉత్తర్వు జారీ చేశాడు. ఇంగ్లండు మీద దిగడానికి సన్నాహాలు చేయండి, అవసరమైతే దిగండి అని దాని సారాంశం. దానికి "సముద్ర సింహం" అని గుట్టు పేరు పెట్టారు. భాష చెప్పుకునేదాన్ని కనుక నాకు ఆ "అవసరమైతే" అన్నచోట చూపు ఆగింది. పోలండు మీదికి పోయినప్పుడు గాని, ఫ్రాన్సు మీదికి పోయినప్పుడు గాని ఇల్లాంటి నంగిమాట లేదు. ఇంగ్లండు భయపడి రాజీకి వస్తే బాగుండునన్న కోరిక ఆ మాట వెనకాల దాక్కుని ఉంది.

కోరిక ఉండడానికి కారణమూ ఉంది. ఆ ఏడు ఏప్రిల్లో జర్మన్లు నార్వేను ఆక్రమించారు. గెలిచారు, నిజమే. కాని ఆ గెలుపుకు వాళ్ళ నౌకాదళం చెల్లించిన మూల్యం ఇంతా అంతా కాదు. బ్లూఖర్ అనే కొత్త క్రూజరు ఏప్రిల్ 9న ఓస్లో ముఖద్వారంలోనే మునిగిపోయింది. మరో రెండు క్రూజర్లు దానివెంట పోయాయి. నార్విక్ రేవులో పది డిస్ట్రాయర్లు పోయాయి. అవి వాళ్ళకున్న డిస్ట్రాయర్లలో సగం. పెద్ద యుద్ధనౌకలు షార్న్‌హోర్స్ట్, గ్నైసెనౌ టార్పెడో దెబ్బలు తిని మరమ్మతుకు చేరాయి. బిస్మార్క్ ఇంకా యుద్ధానికి సిద్ధం కాలేదు. తీరా ఇంగ్లండు మీదికి వెళ్ళవలసిన వేళకు జర్మనీ చేతిలో పనికొచ్చే డిస్ట్రాయర్లు పదీ పరకా మిగిలాయి.

ఎదుటివాడి సంగతేమిటి? ఇంగ్లీషువాడికి సైన్యం తక్కువే. డంకర్కు నుంచి 3,38,226 మందిని ప్రాణాలతో దాటించుకోగలిగాడు గాని, రెండు వేలకు పైగా ఫిరంగుల్ని, అరవై వేలకు పైగా వాహనాల్ని ఫ్రాన్సులోనే వదిలేసి వచ్చాడు. ఊళ్ళలో ముసలివాళ్ళూ కుర్రవాళ్ళూ తుపాకులు చాలక కర్రలు పట్టుకుని కవాతు చేశారు. ఆ వేసవిలో ఇంగ్లీషు ఇళ్ళలో భయపడ్డవాళ్ళను చూసి మనం నవ్వకూడదు. ఆ భయం న్యాయమైనదే. కాని హారిచ్, షీర్నెస్, పోర్ట్‌స్మత్, ప్లిమత్ రేవుల్లో పదులకొద్దీ డిస్ట్రాయర్లూ, క్రూజర్లూ, వందలకొద్దీ కాపలా పడవలూ రాత్రింబవళ్ళు కాచుకుని ఉన్నాయి. వాటి వెనక ఉత్తరాన యుద్ధనౌకల పెద్ద దళం ఉంది. ఇంటి కాపలాకు కర్రలే ఉన్నా, వీధి గుమ్మంలో ఏనుగు కట్టేసి ఉన్నదన్నమాట.

మరి జర్మన్లు దేనిమీద దాటుదామనుకున్నారు? సైన్యాన్ని ఒడ్డున దింపడానికి కట్టిన ఓడ వాళ్ళ దగ్గర ఒక్కటీ లేదు. అంచేత రైన్ నదిలోనూ, హాలెండు, బెల్జియం, ఫ్రాన్సు కాలువల్లోనూ బొగ్గూ ధాన్యమూ మోసుకునే బల్లపరుపు సరుకు పడవల్ని పోగుచేశారు. రెండు వేలకు పైగా! అంటే మన పంట్లకు పెద్దన్నలు. వాటిలో మూడింట రెండు వంతులకు ఇంజన్లే లేవు. ముందు భాగం కోసి, సిపాయీలు దిగడానికి వాలు బల్లలు బిగించారు. ఒక్కో లాంచీ వెనక రెండేసి పడవలు తాడుకట్టి లాక్కుపోవాలని ఏర్పాటు. దేశంలో సరుకు రవాణాయే కుంటుపడింది. కాలువనీళ్ళలో బుద్ధిగా తేలే ఆ పడవల్ని తెచ్చి సముద్రంలో వదలాలి!

వాటి వేగం రెండు మూడు నాట్లు. అనగా మనం సాయంకాలం షికారు పోయే నడక. అక్కడి సముద్రమో, పోటు వచ్చినప్పుడూ ఆటు తీసినప్పుడూ అడ్డంగా మూడు నాలుగు నాట్ల వేగంతో పరుగెత్తుతుంది. పడవ ముందుకు ఎంత పోతుందో పక్కకు అంతకంటే ఎక్కువ కొట్టుకుపోతుంది. మన గోదావరి మొగలో పోటుకూ ఆటుకూ తేడా మూడు నాలుగు అడుగులు. ఆ తీరంలో పెద్ద పోటు రోజుల్లో ఇరవై అడుగుల దాకా ఉంటుంది. ఒడ్డున ఆగిన పడవ ఆరు గంటలు తిరిగేసరికి నడిబురదలో కూర్చుంటుంది, మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా కదలదు.

ఇహ ఆ ఇరవయ్యొక్క మైళ్ళ మాటైనా నిజమా అంటే అదీ కాదు. అది డోవరు ఎదుట మాత్రమే. అక్కడ కొండలు, ఫిరంగులు. దిగడానికి వీలైన ఇసుక ఒడ్డులు పడమరగా సస్సెక్స్ తీరంలో ఉన్నాయి. బులోన్ నుంచి పెవెన్సీకి యాభై మైళ్ళ పైమాటే. నడక వేగంతో పోయే పడవలకు అది రాత్రంతా చేసినా తరగని ప్రయాణం. వేలమంది కుర్రవాళ్ళు చీకట్లో, దీపాలు లేకుండా, కెరటాలకు వాంతులు చేసుకుంటూ, తాళ్ళు తెగకుండా, వరస తప్పకుండా సాగిపోవాలి. తెల్లవారేసరికి అందరూ ఒక్కసారే ఒడ్డుకు చేరాలి. అందులో చాలామంది అంతకుముందు సముద్రంమీద ప్రయాణం చేసినవాళ్ళే కాదు.

దీనికి తోడు ముహూర్తం గొడవ ఒకటి. దారి కనపడడానికి కాస్త వెన్నెల కావాలి, దిగే వేళకు తెల్లవారాలి, పోటు అప్పుడే దిగడం మొదలుపెట్టి ఉండాలి, సముద్రం ప్రశాంతంగా ఉండాలి. ఇవన్నీ కలిసే రోజులు సెప్టెంబరు 19కీ 26కీ మధ్య కొద్దిగా ఉన్నాయి. అది దాటితే ఆ సముద్రానికి శరత్కాలపు గాలులు వచ్చేస్తాయి. పంచాంగం చూసి పెళ్ళి ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారు కూడా ఇన్ని గ్రహాల్ని ఒక్కచోట కూర్చలేరు.

పైగా పెళ్ళివారిలోనే కుదరలేదు. పదాతి దళంవారు రామ్స్‌గేట్ నుంచి లైమ్ బే దాకా వెడల్పుగా, అనేకచోట్ల దిగాలన్నారు. ఇరుకు సందులో దిగితే ఎదుటివాడు అందర్నీ ఒక్కచోటే నలిపేస్తాడని వాళ్ళ వాదం. నౌకాదళాధిపతి రేడర్, అంత వెడల్పున కాపలా కాయడానికి నా దగ్గర ఓడలేవీ, ఇరుకు దారైతే రెండు పక్కలా మందుపాతరలు వేసి ఏదో విధంగా నెట్టుకొస్తానన్నాడు. చిత్రమేమిటంటే ఇద్దరూ చెప్పింది నిజమే. వెడల్పున పోతే సముద్రంలో చస్తారు, ఇరుకున పోతే ఒడ్డున చస్తారు. చివరికి తొలిదఫా తొమ్మిది డివిజన్లతో, నాలుగుచోట్ల అని మధ్యేమార్గం కుదుర్చుకున్నారు. రాజీ పెళ్ళిచూపుల్లో పనికొస్తుంది గాని కెరటాలముందు పనికిరాదు.

"అవన్నీ సరే, ఆకాశం మాటేమిటి?" అని మీరు అడగవచ్చు. బ్రిటిష్ వైమానిక దళం ఓడిపోయి ఉంటే జర్మన్లు సునాయాసంగా దాటేవారని లోకాభిప్రాయం. ఆ యువకుల వీరత్వానికి నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను. రాడారు కళ్ళతో, డౌడింగ్ అనే నిదానపరుడి తలతో, జర్మనీకంటే ఎక్కువగా యుద్ధవిమానాలు తయారుచేసిన కార్మికుల చేతులతో వాళ్ళు ఆకాశాన్ని నిలబెట్టుకున్నారు. సెప్టెంబరు 7న జర్మన్లు వాళ్ళ విమానాశ్రయాలను వదిలి లండన్ మీదికి మళ్ళారు. సెప్టెంబరు 15న జరిగిన పెద్ద పోరుతో, ఆకాశం తమకు దక్కలేదని జర్మన్లకే తెలిసిపోయింది.

కాని మాటవరసకు ఇంగ్లీషు విమానాలు ఓడిపోయాయనే అనుకుందాం. ఓడినా అవి థేమ్సు నదికి ఉత్తరంగా తగ్గి, దండు దిగిన రోజున మళ్ళీ వచ్చి పడడానికి వీలుంది. అదీ పోనివ్వండి. ఆ కాలపు విమానం రాత్రివేళ కదులుతున్న ఓడను కొట్టగలదా? డంకర్కులో పట్టపగలు, జనాన్ని ఎక్కించుకోవడానికి రేవులో నిలబడిపోయిన ఓడలమీద జర్మను విమానాలు రోజుల తరబడి బాంబులు కురిపించాయి. అయినా పోయిన బ్రిటిష్ డిస్ట్రాయర్లు ఆరు. పడవలు దాటవలసింది రాత్రి. ముప్పై నాట్ల వేగంతో వచ్చే డిస్ట్రాయర్ల వరస ఒకటి చీకట్లో ఆ తాళ్ళు కట్టిన పడవలమధ్య జొరబడితే ఏమవుతుందో చెప్పడానికి సేనాని అక్కర్లేదు, మా రేవులో కళాసీని అడిగినా చెబుతాడు.

ఇది ఊహ కాదు, జరిగిందొకటి ఉంది. 1941 మే నెలలో జర్మన్లు క్రీటు దీవిమీద పడ్డారు. గొడుగులు కట్టుకుని ఆకాశంనుంచి దూకి దీవిని గెలుచుకున్నారు. పగటివేళ వాళ్ళ విమానాలు బ్రిటిష్ నౌకాదళాన్ని చీల్చి చెండాడాయి. ఆ పోరులో మూడు క్రూజర్లూ ఆరు డిస్ట్రాయర్లూ మునిగాయి. ఆకాశం పూర్తిగా జర్మన్లదే. అయినా మే 21 రాత్రి గ్రీకు చేపల పడవల్లో సైనికుల్ని ఎక్కించుకుని వస్తున్న వాళ్ళ వరసను బ్రిటిష్ ఓడలు చీకట్లో పట్టుకుని చెల్లాచెదరు చేశాయి. వందలాది మంది సముద్రం పాలయ్యారు. ఆ వరస దీవికి చేరనేలేదు. పగలు ఆకాశం ఎవరిదైనా, రాత్రి నీళ్ళు ఓడ ఉన్నవాడివే.

మన రామాయణం చదివినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాకూడదు. హనుమంతుడు ఒక్క గంతులో సముద్రం దాటాడు. వెళ్ళాడు, చూశాడు, లంక తగలబెట్టి వచ్చాడు. అది మహావీరుడి పని. కాని సేన దాటవలసి వచ్చినప్పుడు, అందర్నీ దూకండని రాముడు అనలేదు. నలుడిచేత వారధి కట్టించాడు. ఐదు రోజులు రాళ్ళూ చెట్లూ మోయించాడు. వీరుడు దూకుతాడు, సేనకు దారి కావాలి. దూకినవాడు కాయో పండో తిని బతకవచ్చు. కోట్లాది వానరులకు వెనకనుంచి దారి తెరిచి ఉండాలి. జర్మన్లకు గొడుగు కట్టుకుని దూకే హనుమంతులు ఉన్నారు. వారధి లేదు.

నా మట్టుకు నాకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న రెండో రోజుది. ఏదో అదృష్టం కలిసివచ్చి, మొదటి రోజు కొన్ని వేలమంది ఒడ్డెక్కారనే అనుకుందాం. ఎక్కవచ్చు కూడా. వాళ్ళు సాయంత్రానికి ఏం తింటారు? తుపాకీలో గుళ్ళు అయిపోతే ఎవరు తెస్తారు? జర్మను సైన్యమంటే సినిమాల్లో చూపించే టాంకుల సైన్యం కాదు, బండ్లు లాగేది ఎక్కువగా గుర్రాలే. ఆ గుర్రాల్ని కూడా వేల సంఖ్యలో పడవలెక్కించాలని ప్రణాళిక. వాటికి గడ్డి ఎక్కణ్ణుంచి? చేతిలో ఒక్క ఓడరేవైనా లేకుండా, మళ్ళీ అదే పడవలు ఖాళీగా తిరిగి వెళ్ళి, నింపుకుని, మళ్ళీ అదే నీళ్ళు దాటి రావాలి. తొమ్మిది డివిజన్లూ పూర్తిగా దిగడానికే వారానికి పైగా పడుతుంది. అన్ని రాత్రులూ డిస్ట్రాయర్లు నిద్రపోతూ ఉండాలి.

ఇంట్లో పెళ్ళి చేసినవాళ్ళకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. తాళి కట్టించడానికి నిమిషం చాలు. ఐదొందలమంది బంధువులకు మూడు రోజులు పూటపూటా విస్తరి వెయ్యడమే పెళ్ళి. మొదటి పంక్తికి వడ్డించి, రెండో పంక్తికి వంటవాడు గోదావరి అవతల ఉన్నాడంటే మగపెళ్ళివారి ముందు మన పరువేం కాను?

1974లో ఇంగ్లండులోని సాండ్‌హర్స్టు సైనిక కళాశాలలో ఈ దండయాత్రను బల్లమీద ఆడి చూశారు. తీర్పరుల్లో ఆనాడు నిజంగా పోరాడిన వైమానిక సేనాని గాలండ్, నౌకాదళాధికారి రూగే కూడా ఉన్నారు, ఇద్దరూ జర్మన్లే. ఆ ఆటలో జర్మన్లు దిగారు! దాదాపు తొంభై వేలమంది ఒడ్డెక్కి కొంతదూరం లోపలికి కూడా పోయారు. కాని రెండో దఫా పడవల్ని బ్రిటిష్ ఓడలు నడిసముద్రంలో అడ్డగించాయి. ముందు దిగినవాళ్ళకు తిండీ గుళ్ళూ అందలేదు. వాళ్ళలో ఫ్రాన్సుకు తిరిగి చేరింది పదిహేను వేల చిల్లర. తీర్పరులంతా ఏకగ్రీవంగా దండయాత్ర ఓడిందన్నారు.

మరి ఆ సముద్రాన్ని దాటినవాళ్ళే లేరా? ఉన్నారు. క్రీస్తు పూర్వం 55లో సీజరు దాటాడు. అయితే అతని గుర్రాల ఓడలు రానేలేదు, పున్నమి రాత్రి వచ్చిన పెద్ద పోటుకు ఒడ్డున ఉన్న ఓడలు పగిలిపోయాయి. కొద్దిరోజుల్లోనే వెనక్కి పోయాడు. 1066లో నార్మన్ విలియం పెవెన్సీలోనే దిగి దేశాన్ని గెలిచాడు. కాని అప్పటికి ఇంగ్లీషు ఓడలు కాపలా విరమించి వెళ్ళిపోయాయి, రాజు ఉత్తరాన మరో శత్రువుతో పోరాడుతున్నాడు. నీళ్ళమీద అడ్డుపడేవాడే లేడు. 1805లో నెపోలియన్ బులోన్‌లో రెండు వేలకు పైగా పడవలు సిద్ధం చేసుకుని, దాటలేక, సైన్యాన్ని ఆస్ట్రియామీదికి మళ్ళించాడు. అక్కడే, అన్ని పడవలతోనే, నూట ముప్పై అయిదేళ్ళ తరవాత మరొకాయన నిలబడ్డాడు. చరిత్ర అప్పుడప్పుడు పాత పాఠమే మళ్ళీ చెబుతుంది, వినే విద్యార్థి ఉంటే.

ఆ సముద్రాన్ని సక్రమంగా దాటడమంటే ఏమిటో 1944 జూన్ 6 చూపించింది. ఈసారి ఇటునుంచి అటు. అంతకుముందు 1942 ఆగస్టు 19న డియెప్ రేవుమీద ఆరు వేలమందితో దిగి చూశారు. సగానికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. ఆ దెబ్బతో బుద్ధి తెచ్చుకుని రెండేళ్ళు సన్నాహం చేశారు. ఒడ్డున దిగడానికే కట్టిన ఓడలు, దాదాపు ఏడు వేల నౌకలు, ఆకాశమూ సముద్రమూ పూర్తిగా తమ చేతిలో. ఒక్కరోజులో లక్షా యాభై వేలకు పైగా జనాన్ని దాటించారు. దొరకని రేవును కాంక్రీటుతో కట్టి నీళ్ళమీద లాక్కుపోయారు. అంత చేసినా వాతావరణం బాగాలేక ఒకరోజు ఆగవలసి వచ్చింది. ఆ నెల 19న మొదలైన తుఫాను అమెరికన్లు కట్టుకున్న రేవును ముక్కలు చేసింది. రెండేళ్ళు తయారైనవాడినే అంత పరీక్ష చేసిన సముద్రం, రెండు నెలల్లో కాలువ పడవలు పోగుచేసినవాణ్ణి ఏం చేసి ఉండేది?

నవ్వు వచ్చే సంగతొకటి, ఒళ్ళు జలదరించే సంగతొకటి చెప్పాలి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒడ్డు కూడా కదలకముందే జర్మన్లు ఇంగ్లండులో ఎవరెవర్ని పట్టుకోవాలో జాబితా రాసుకున్నారు. సుమారు 2,800 పేర్లు. రచయితలు హెచ్.జి. వెల్స్, వర్జీనియా వుల్ఫ్, తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ అందులో ఉన్నారు. 1939లోనే కన్నుమూసిన ఫ్రాయిడ్ పేరు కూడా ఉంది. నవ్వు వచ్చేది అంతవరకే. 17 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్న మగవాళ్ళందర్నీ పట్టి ఐరోపాకు తరలించాలని 1940 సెప్టెంబరు 9న ఉత్తర్వు తయారైంది. అంటే ప్రతి ఇంటినుంచీ ఒక తండ్రో, అన్నో, కాలేజీకి వెళ్ళే కొడుకో. ఆ నీళ్ళు లేకపోతే ఆపేవాడు లేడు.

మా తాతయ్య తరం ఆశకు కూడా త్వరలోనే పరీక్ష వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీదా కాకినాడమీదా బాంబులు వేశాయి. తీరం పొడుగునా పట్నాల్లో జనం పిల్లల్నీ చెంబూ తప్పేలాల్నీ బళ్ళమీద వేసుకుని పల్లెలకు తరలిపోయారు. సముద్రం మీదినుంచి మరో దొర వస్తాడేమోనన్న భయం అప్పుడు మన గుమ్మంలోకి వచ్చింది. శత్రువుకు శత్రువు మిత్రుడన్న మాట, అతను దూరంగా ఉన్నంతవరకే బాగుంటుంది. "ఆ రోజు తూర్పు దిక్కు చూడాలంటే గుండెలు దడదడలాడాయే," అని నాయనమ్మ చెబుతూంటే తాతయ్య మాట్లాడేవాడు కాదు.

ఇంతకీ పడవలేమయ్యాయంటారా? ఇంగ్లీషు బాంబర్లు రాత్రుళ్ళు వచ్చి రేవుల్లో కట్టేసిన చోటనే రెండు వందలకు పైగా ముంచో విరగ్గొట్టో పోయాయి. సెప్టెంబరు 17న హిట్లరు దండయాత్రను మరో మాట చెప్పేదాకా వాయిదా వేశాడు. అక్టోబరు 12న వచ్చే వసంతం దాకా అన్నాడు. ఆ వసంతం రాలేదు. చాలా పడవలు మళ్ళీ తమ కాలువల్లోకి పోయి బొగ్గూ ధాన్యమూ మోసుకున్నాయి. వాటిలో ఎక్కవలసిన కుర్రవాళ్ళను 1941 జూన్ 22న రష్యామీదికి తోలారు. అక్కడ నీళ్ళు లేవు, నేలే. కాని రెండో రోజు ప్రశ్న అక్కడా ఎదురైంది. తిండి, గుళ్ళు, చలిబట్టలు వెనకనుంచి అందక లక్షలమంది మంచులో కూలిపోయారు.

పరీక్షల కాలంలో నా విద్యార్థులు, "సంకల్పం ఉంటే సాధించలేనిది లేదు" అని వ్యాసాల్లో రాస్తూంటారు. భాష బాగుంటే మార్కులు వేస్తాను. కాని తీరిక చిక్కినప్పుడు ఈ పడవల కథ చెబుతాను. 1940లో హిట్లరు దగ్గర సంకల్పం పుట్లకొద్దీ ఉంది. ఆ సంకల్పానికి సరిపడా ఓడలే లేవు. పెద్దవాళ్ళెవరైనా పటం మీద వేలుపెట్టి, "ఇంతే కదా దూరం, కుర్రాళ్ళారా పదండి" అన్నప్పుడు, రెండో రోజు అన్నం ఎవరు తెస్తారండీ అని అడిగే ధైర్యం కూడా ధైర్యమేనని వాళ్ళకు తెలియాలని నా కోరిక. ఆ ప్రశ్న అడిగిన సేనానులు జర్మనీలోనూ ఉన్నారు. వాళ్ళ గొణుగుడూ, ఇంగ్లీషు ఓడలూ, ఇరవయ్యొక్క మైళ్ళ ఉప్పునీళ్ళూ కలిసి ఆ సెప్టెంబరులో రెండు ఒడ్డులా వేలమంది తల్లుల కడుపు చల్లగా ఉంచాయి.